శాన్ హువాన్ కోటలు: షిప్ వాళ్ల టూర్ తీసుకోవాలా, మనమే వెళ్లిపోవచ్చా?

తెనాలి_శైలు
జనవరిలో మయామీ నుంచి క్రూయిజ్ బుక్ చేశాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, తెనాలి నుంచి వచ్చిన అత్తయ్య, మావయ్య. మావయ్య హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ప్యూర్టో రికోలోని శాన్ హువాన్‌లో ఓడ ఆగుతుందని, అక్కడ స్పానిష్ వాళ్ల కోటలు ఉన్నాయని తెలిసిన దగ్గర్నుంచి ఆయనకి బీచ్‌లూ వద్దు, బఫేలూ వద్దు, ఆ కోటలు చూపిస్తే చాలంటున్నారు. షిప్ వాళ్ల ఎక్స్‌కర్షన్ మనిషికి 79 డాలర్లు, ఆరుగురికి 474. అంత పెట్టినా వివరాల్లో చూస్తే మూడున్నర గంటల టూర్‌లో కోట లోపల ఉండేది గంటే, మిగతాదంతా బస్సు కిటికీలోంచి ఊరు చూడటం, ఒక షాపింగ్ స్టాప్. మాకెవరికీ షాపింగ్ అక్కర్లేదు. ఓడ మధ్యాహ్నం ఒంటిగంటకి ఆగి రాత్రి తొమ్మిదికి బయల్దేరుతుంది. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఈ టూర్ తీసుకోక తప్పదా?

ట్యాంపా_మూర్తి
అవసరమే లేదు. శాన్ హువాన్ లాంటి పోర్టులో కూడా టూర్ కొనుక్కుంటే డబ్బు దండగ. ఓడ పాత ఊరి పక్కనే ఆగుతుంది, దిగి నడిచి వెళ్లిపోవచ్చు. ఎల్ మొర్రో, శాన్ క్రిస్టోబల్, రెండు కోటలూ అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉన్నాయి. టికెట్ పెద్దవాళ్లకి 10 డాలర్లు, అదే టికెట్ మీద 24 గంటల్లో రెండో కోట కూడా చూడొచ్చు, 15 ఏళ్ల వరకు పిల్లలకి ఫ్రీ. అంటే మీ ఆరుగురికీ కలిపి 40. నేషనల్ పార్కుల యాన్యువల్ పాస్ ఉంటే అదీ లేదు. కార్డు దగ్గర పెట్టుకోండి చాలు.

హ్యూస్టన్_హరి
మూర్తి గారూ, లెక్క బాగానే ఉంది కానీ పెద్దవాళ్లు ఉన్నారని ఆవిడ చెప్పారు కదా. షిప్ వాళ్ల టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మనంతట మనం వెళ్లి ఆలస్యమైతే ఆగదు. మా అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు నేను టూరే తీసుకున్నాను, ఏసీ బస్సు, గైడు, ఏ టెన్షనూ లేదు. ప్రతిదానికీ డబ్బు లెక్కే చూసుకుంటే ఎలా.

ట్యాంపా_మూర్తి
రాత్రి తొమ్మిదికి బయల్దేరే ఓడకి, సాయంత్రం మూసేసే కోట నుంచి ఆలస్యంగా ఎలా వస్తారండీ? ఓడ వదిలేసి వెళ్లిపోతుందనే భయం గంటన్నర దూరం ప్రయాణం చేసే టూర్లకి సరిపోతుంది, ఇక్కడ కాదు. ఇంకో విషయం, ఎల్ మొర్రోకి ఏసీ బస్సు గుమ్మం దాకా పోదు. రోడ్డు చివర దింపేస్తారు, అక్కడి నుంచి పెద్ద పచ్చిక మైదానం ఎండలో నడిచి దాటాల్సిందే, టూర్ వాళ్లకైనా, సొంతంగా వెళ్లేవాళ్లకైనా. ఒక్క చెట్టు నీడ కూడా ఉండదు. పిరంగుల ముందు శత్రువుకి దాక్కునే చోటు ఉండకూడదని అలా ఖాళీగా ఉంచిన నేల అది.

లక్ష్మి_ఓర్లాండో
శైలు గారూ, అసలు సంగతి ఎవరూ అడగలేదు. ఆ ఒంటిగంట అన్నది ఓడ టైమా, ఊరి టైమా? జనవరిలో ప్యూర్టో రికో మయామీ కంటే గంట ముందుంటుంది, వాళ్లు గడియారాలు మార్చుకోరు. కొన్ని ఓడలు మయామీ టైమే పెట్టుకుని తిరుగుతాయి. అలా అయితే మీ ఒంటిగంట అక్కడ రెండు. కోటలు సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో మూసేస్తారు, లోపలికి పంపడం ఇంకా ముందే ఆపేయొచ్చు, కచ్చితమైన వేళలు పార్క్ వెబ్‌సైట్లో చూసుకోండి. ఓడ కట్టేసి, జనం దిగి, మీరు బయటపడేసరికి రెండున్నర. అంటే మీ చేతిలో ఉండేది రెండు గంటలు కూడా కాదు. పోయినసారి మా టేబుల్ పక్కన కూర్చున్న కుటుంబం ఇలాగే మూసిన గేటు చూసి తిరిగొచ్చింది, ఆ పెద్దాయన రాత్రి భోజనంలో ఒక్క మాట మాట్లాడలేదు.

తెనాలి_శైలు
అయ్యో, ఇది నాకు తట్టనే లేదు. ఇప్పుడే యాప్‌లో చూశాను, "షిప్ టైమ్" అనే రాసుంది. మావయ్యకి ఇంకా చెప్పలేదు. రెండు గంటల్లో రెండు కోటలూ అవుతాయా మరి?

కోటలపిచ్చి
అవవు, అవ్వాలని ప్రయత్నించకండి కూడా. రెండింటి మధ్య మైలు దూరం, ఎగుడుదిగుడు రోడ్డు. ఒక్కటే చూడండి, అది శాన్ క్రిస్టోబల్ చూడండి. అందరూ ఎల్ మొర్రో ఎల్ మొర్రో అంటారు, ఫోటోల్లో ఉండేది అదే కాబట్టి. కానీ కోట అనేది ఎలా పనిచేస్తుందో కళ్లకి కట్టేది శాన్ క్రిస్టోబల్. అమెరికా ఖండాల్లో స్పానిష్ వాళ్లు కట్టిన కోటల్లో ఇదే అతి పెద్దదని చెప్తారు. ఓడ ఆగే చోటికి దగ్గర కూడా, పదిహేను నిమిషాల ఎత్తు నడక, అత్తయ్యగారి కోసం టాక్సీ పెట్టుకున్నా చిటికెలో చేరతారు.

మాస్టారు గారు వస్తున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఎల్ మొర్రో 1539లో మొదలైంది, రేవు ముఖద్వారాన్ని కాచే కోట అది, చూపంతా సముద్రం మీదే. 1595లో ఇంగ్లిష్ నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ వచ్చాడు, ఒక దెబ్బతిన్న స్పానిష్ ఓడ మోసుకొచ్చిన వెండి, బంగారం ఊళ్లో దాచారని విని. కోట పిరంగి గుండు ఒకటి అతను భోజనం చేస్తున్న గదిలోకే దూసుకెళ్లింది. డ్రేక్ బతికాడు గానీ పక్కనున్నవాళ్లు పోయారు, చివరికి వెనక్కి మళ్లాడు. మూడేళ్లకి, 1598లో, ఇంగ్లండ్ నుంచే కంబర్లాండ్ ప్రభువు వచ్చాడు. అతను కోటకి ఎదురుగా రాలేదు, తూర్పున దూరంగా దిగి నేల మీద నడిచొచ్చి వెనకనుంచి పట్టుకున్నాడు. ఎల్ మొర్రో శత్రువు చేతికి చిక్కింది ఆ ఒక్కసారే. 1625లో డచ్ వాళ్లు రేవులోకి చొచ్చుకొచ్చి ఊరంతా ఆక్రమించారు, కోటలో ఉన్న గవర్నరు హువాన్ దె హారో లొంగనంటే పోతూ పోతూ ఊరు తగలబెట్టారు. ఇన్ని దెబ్బలు తిన్నాక గానీ వీపు వైపు కూడా కాపలా కావాలని తెలిసిరాలేదు. ఊరి చుట్టూ గోడ, 1634 నుంచి తూర్పు గుట్ట మీద శాన్ క్రిస్టోబల్, అలా వచ్చాయి. నేలవైపు నుంచి వచ్చే సైన్యం కోసం కట్టింది. అందుకే ఒక గోడ వెనక ఇంకో గోడ, ప్రతి బయటి గోడనీ వెనకాల ఎత్తులో ఉన్న పిరంగులు కాచేలా ఉంటుంది. మొదటిది పట్టుకున్నవాడికి దాక్కునే చోటు దొరకదు, నేరుగా రెండోదాని గుళ్లకి ఎదురుగా నిలబడాలి.

రవ్వదోశ
ఎల్ మొర్రో చూడకుండా శాన్ హువాన్ చూశామని ఎలా చెప్తారండీ. ఆరు అంచెల కోట, కింద అలలు, ఆ మైదానంలో గాలిపటాలు. పిల్లలున్నారు, గాలిపటం కొనిస్తే చాలు, పెద్దవాళ్లు ఎక్కడున్నా పట్టించుకోరు.

కోటలపిచ్చి
రవ్వదోశ గారూ, గాలిపటాలు కోట మూసేశాక కూడా ఎగరేసుకోవచ్చు. మైదానం బయటే కదా ఉంది. ముందు శాన్ క్రిస్టోబల్ లోపల చూసి, సాయంత్రం ఎల్ మొర్రో బయటినుంచి చూస్తే ఎవరికీ లోటు ఉండదు.

నైట్‌షిఫ్ట్_నర్స్
కంబర్లాండ్ కథలో అసలు ముగింపు చెప్పలేదు. అతను కోట గెలిచాడు గానీ నిలబెట్టుకోలేకపోయాడు, సైన్యానికి రక్త విరేచనాలు పట్టుకున్నాయి, కొన్ని వారాలకే వదిలేసి పోయారు. డ్రేక్ కూడా శాన్ హువాన్ నుంచి పోయాక 1596 జనవరిలో పోర్టోబెలో దగ్గర అదే జబ్బుతో చనిపోయాడు. గోడల గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు, ఆ సముద్రంలో సగం యుద్ధాలు నీళ్లూ జ్వరాలే తేల్చాయి. మాకు ఎల్ మొర్రోలో గైడు ఒక్క ముక్క చెప్పలేదు, పెళ్లి ఫోటోలు ఎక్కడ బాగా వస్తాయో మాత్రం చెప్పాడు.

సివిల్_సూరి
నీళ్ల మాట వచ్చింది కాబట్టి. శాన్ క్రిస్టోబల్ మధ్య ముంగిలి కింద ఐదు పెద్ద నీటి తొట్లు ఉన్నాయి. ముంగిలి మీద, పైకప్పుల మీద పడ్డ వానంతా వాటిలోకి పోయేలా వాలు పెట్టారు. గుట్ట మీద ఊట లేదు, ముట్టడి పడితే నెలల తరబడి తాగాలి. నేను నా జీవితంలో చాలా కాంక్రీటు పోయించాను, ఆ వాలు చూసి అక్కడే నిలబడిపోయాను, మా ఆవిడ వచ్చి లాక్కెళ్లింది. ఇంకోటి, గోడలు ఇసుకరాయి, మధ్యలో రాళ్లూ మట్టీ కూరి, పైన సున్నం పూత. తర్వాతి కాలంలో కొన్నిచోట్ల సిమెంటుతో మరమ్మతు చేశారు, అది మంచి కంటే చెడే ఎక్కువ చేసింది. సిమెంటు వెనక చేరిన తేమ బయటికి రాలేదు, లోపలి మెత్తటి రాయి పొడిపొడి అయిపోతుంది. ఇప్పుడు మళ్లీ సున్నంతోనే చేస్తున్నారు. మన దగ్గర పాత కోటలకి, గుళ్లకి సిమెంటు పులిమేవాళ్లందరినీ ఒకసారి అక్కడికి తీసుకెళ్లాలి అనిపించింది, నిజంగా.

బందరు_బాబాయ్
1625 డచ్ వాళ్లు అనగానే ప్రాణం లేచొచ్చింది. శాన్ హువాన్ తగలబెట్టింది వాళ్ల వెస్టిండియా కంపెనీ, అది 1621లో పుట్టింది. దాని అక్క ఈస్టిండియా కంపెనీ అప్పటికే మా బందర్లో కొట్టు పెట్టుకుని కలంకారీ బట్టలు కొంటోంది. ఒకే దేశం వాళ్లు, ఒక సముద్రంలో నిప్పు పెడుతూ, ఇంకో సముద్రంలో బేరమాడుతూ. మా బందరు కోట చూడటానికి వెళ్తే ముళ్లకంపలు తప్ప బోర్డు కూడా సరిగా కనబడదు.

హ్యూస్టన్_హరి
బాబాయ్ గారూ, టాపిక్ కరీబియన్ నుంచి కృష్ణా జిల్లాకి వచ్చేసింది :)

బందరు_బాబాయ్
వస్తుంది నాయనా, ఓడలు తిరిగినచోటల్లా వస్తుంది. ఇంకా చెప్తాను విను. 1762లో బ్రిటిష్ వాళ్లు ఒకే ఏడాది స్పెయిన్ నుంచి రెండు పెద్ద రేవులు లాక్కున్నారు, ఆగస్టులో హవానా, అక్టోబరులో మనీలా. మనీలా మీదికి పోయిన ఓడలు బయల్దేరింది మద్రాసు నుంచి, వాటిలో మద్రాసు సిపాయిలు ఉన్నారు. కొందరు తిరిగి రాకుండా అక్కడే కైంటా అనే ఊళ్లో ఉండిపోయారు.

కోటలపిచ్చి
బాబాయ్ గారు చెప్పింది టాపిక్‌కి నేరుగా తగులుతుంది హరి గారూ. హవానా పడిపోయిందన్న భయంతోనే స్పెయిన్ రాజు 1765లో అలెహాంద్రో ఓరైలీ అనే అధికారిని ప్యూర్టో రికోకి పంపాడు. అతనూ, ఇంజనీరు తోమస్ ఓడేలీ కలిసి ఈ కోటల్ని పెంచారు. ఇద్దరూ ఐర్లండ్‌లో పుట్టినవాళ్లే. మనం ఈరోజు చూసే శాన్ క్రిస్టోబల్ చాలావరకు అప్పటిదే. దానికి పరీక్ష 1797లో వచ్చింది, ట్రినిడాడ్ గెలిచిన ఊపులో బ్రిటిష్ జనరల్ అబర్‌క్రాంబీ పెద్ద నౌకాదళంతో వచ్చి, తూర్పున దిగి, మొదటి కాపలా వరసలు కూడా దాటలేక రెండు వారాల్లో వెళ్లిపోయాడు. కోట దాకా రాలేకపోయాడు.

వాణి_ఆస్టిన్
ఇంతసేపటి నుంచి రాజులు, జనరల్స్, ఇంజనీర్లు అంటున్నారు, ఆ రాళ్లు మోసిందెవరో ఎవరూ రాయలేదు. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు, శిక్ష పడ్డ ఖైదీలు, కూలీలు. డబ్బు ప్యూర్టో రికోది కూడా కాదు, ఏటా మెక్సికో గనుల వెండి ఓడల్లో వచ్చేది, సిత్వాదో అనేవాళ్లు. ఆ గనుల్లో పనిచేసిన స్థానికుల గోడు వేరే. మాస్టారు గారికి ఇది కూడా చెప్పండి, ఆయన పిల్లలకి పాఠం చెప్పినవారు కదా. శాన్ క్రిస్టోబల్ లోపల ఒక చీకటి కొట్టు ఉంది, గోడ మీద ఎవరో ఖైదీ గీసిన ఓడల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. తెరచాపలు, తాళ్లు అన్నీ వివరంగా గీశాడు. కోట మొత్తంలో నేను ఎక్కువసేపు నిలబడింది అక్కడే. మా పిల్లలు "ఇతను ఇంటికెళ్లాడా అమ్మా" అని అడిగారు.

నైట్‌షిఫ్ట్_నర్స్
వాణి గారూ, మీకు నమస్కారం. అది నేనూ చూశాను, కానీ మా గైడు ముప్పై సెకన్లు కూడా ఆగనివ్వలేదు. ఇందుకే టూర్ వద్దంటున్నాను.

హ్యూస్టన్_హరి
సరే, గైడు సంగతిలో మీరందరూ ఒకవైపే ఉన్నారు. అయినా నా మాట ఒకటి ఉంది. అన్ని పోర్టులూ శాన్ హువాన్ కాదు. పనామాలో కొలోన్ రేవులో ఆగితే పోర్టోబెలో కోటలు గంట దూరం, అక్కడ మీ అంతట మీరు కారు మాట్లాడుకుని పెద్దవాళ్లని తీసుకెళ్లమని నేను చెప్పను. అలాంటిచోట షిప్ వాళ్ల టూరే మంచిది.

ట్యాంపా_మూర్తి
ఇది ఒప్పుకుంటాను హరి గారూ. దూరం, దారి తెలియనిచోట టూర్, నడిచిపోయేచోట సొంతంగా.

కొత్తగూడెం_కిరణ్
కార్టజీనా ఎవరైనా వెళ్లారా? మా ఓడ శాన్ హువాన్ వెళ్లదు, కొలంబియా వెళ్తుంది.

లక్ష్మి_ఓర్లాండో
వెళ్లాం కిరణ్ గారూ. సాన్ ఫెలిపె దె బరాహాస్ కోట, ఊరి పక్కనే గుట్ట మీద. ఓడ దిగిన చోటినుంచి టాక్సీలో కొద్ది దూరమే. ఎండ మాత్రం మామూలుగా ఉండదు, పొద్దున్నే వెళ్లండి, వాలు దారి ఎక్కేటప్పుడు టోపీ, నీళ్లు లేకుండా అడుగు వేయకండి. లోపల సొరంగాలున్నాయి, పిల్లలకి అవే నచ్చాయి. టాక్సీ ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి.

కోటలపిచ్చి
కార్టజీనాకి వెళ్తే 1741 కథ తెలుసుకుని వెళ్లండి కిరణ్ గారూ, లేకపోతే అది ఒక రాళ్ల గుట్టలా కనిపిస్తుంది. బ్రిటిష్ అడ్మిరల్ వెర్నన్ రెండేళ్ల ముందు పోర్టోబెలో గెలిచాడు, అదే ఊపులో రెండు వందలకి దగ్గరగా ఓడలు వేసుకుని కార్టజీనా మీదికి వచ్చాడు. ఎదురుగా బ్లాస్ దె లెసో, ఒక కాలు, ఒక కన్ను పోయి, ఒక చెయ్యి పనిచేయని స్పానిష్ నావికాధికారి. ఇంగ్లండ్‌లో గెలిచేశామనుకుని లెసో మోకరిల్లినట్టు పతకాలు కూడా పోతపోశారు. చివరికి ఓడిపోయింది వెర్నన్, నర్స్ గారు చెప్పినట్టు పచ్చజ్వరం కూడా అతని సైన్యాన్ని తినేసింది. లెసో కూడా ఆ ఏడాదే పోయాడు. ఆ దండులో జార్జ్ వాషింగ్టన్ అన్న లారెన్స్ ఉన్నాడు. మనం డీసీ వెళ్లినప్పుడు చూసే మౌంట్ వెర్నన్ ఇంటికి ఆ పేరు ఈ అడ్మిరల్‌దే.

కొత్తగూడెం_కిరణ్
మౌంట్ వెర్నన్‌కి అంతమంది చుట్టాల్ని తీసుకెళ్లాను, ఇది ఎవరూ చెప్పలేదు! థాంక్స్.

సివిల్_సూరి
ఓడ ఎక్కడం కుదరనివాళ్లకి ఒక మాట. ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్ కోట, కాస్తియో దె సాన్ మార్కోస్, పోర్ట్ కెనావెరల్ నుంచి కారులో రెండు గంటలు. క్రూయిజ్‌కి ఒకరోజు ముందు వస్తే చూసేయొచ్చు. 1672లో మొదలుపెట్టి 1695లో ముగించారు. కోకీనా అని సముద్రపు గవ్వలు గడ్డకట్టిన రాయితో కట్టారు. గుండు తగిలితే పగలకుండా లోపలికి దిగబడిపోతుంది. 1702లోనూ 1740లోనూ ఇంగ్లిష్ వాళ్లు ముట్టడించి పట్టుకోలేకపోయారు. బాబాయ్ గారు చెప్పిన హవానాని తిరిగి తీసుకోవడానికే స్పెయిన్ 1763లో ఫ్లోరిడా ఇచ్చేసింది, అలా ఒక్క గుండు పేలకుండా ఆ కోట చేతులు మారింది.

తెనాలి_శైలు
ఇదంతా మావయ్యకి చదివి వినిపించాను. కళ్లద్దాలు పెట్టుకుని నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు, పిల్లలు పక్కన కూర్చున్నారు. అత్తయ్య మాత్రం "వాణి అనే అమ్మాయి ఎవరో బాగా చెప్పింది" అన్నారు. షిప్ టూర్ తీసుకోవట్లేదు. దిగగానే టాక్సీలో శాన్ క్రిస్టోబల్, మూసేదాకా అక్కడే, తర్వాత ఎల్ మొర్రో మైదానం. మావయ్య రెండు ప్రశ్నలు అడగమన్నారు. 1898లో అమెరికా వాళ్లు వచ్చినప్పుడు ఈ కోట పోరాడిందా? కోట మీద మూడు జెండాలు ఎందుకు?

కోటలపిచ్చి
పోరాడింది. ఆ స్పెయిన్-అమెరికా యుద్ధంలో ప్యూర్టో రికో నుంచి మొదటి గుండు పేలింది శాన్ క్రిస్టోబల్ నుంచే, 1898 మే 10న, అమెరికన్ ఓడ యేల్ మీద, కెప్టెన్ ఆంఖెల్ రివేరో ఆజ్ఞతో. రెండు రోజులకి, మే 12న, అడ్మిరల్ శాంప్సన్ ఓడలు తెల్లవారుజామునుంచి ఊరి మీద గుళ్లు కురిపించాయి, ఎల్ మొర్రో లైట్‌హౌస్ దెబ్బతింది. ఇప్పుడున్నది 1908లో మళ్లీ కట్టింది. అమెరికా సైన్యం నేల మీద దిగింది మాత్రం దీవి దక్షిణాన. ఆ ఏడాది చివర ఒప్పందంతో దీవే చేతులు మారింది. పైగా దానికి ముందు ఏడాదే ఊరు పెరగడానికి చోటు చాలక తూర్పు వైపు గోడలు కొంత పడగొట్టేశారు.

మూడు జెండాల్లో ఒకటి అమెరికాది, ఒకటి ప్యూర్టో రికోది. మూడోది తెల్ల గుడ్డ మీద ఎర్రటి గరుకు అడ్డుకర్రల గుర్తు, పాత స్పానిష్ సైన్యం వాడిన బర్గండీ శిలువ. కోట పైకెక్కితే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం పెట్టిన కాంక్రీటు కాపలా గదులు కూడా కనిపిస్తాయి, స్పానిష్ గోడ మీద అతికించినట్టు. కొందరికి వికారంగా అనిపిస్తాయి, నాకు మాత్రం అవి కూడా ఉండాలనే ఉంటుంది. సైన్యం 1961 దాకా అక్కడే ఉంది. 1983లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

వాణి_ఆస్టిన్
పిల్లలకి దయ్యం గరీటా చూపించండి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాయి చివర ఒంటరిగా ఉండే కాపలా గూడు. రాత్రి కాపలాకి వెళ్లిన సిపాయి మాయమైపోయాడు, దయ్యం పట్టుకుపోయిందని కథ. ప్రేమించిన అమ్మాయితో లేచిపోయాడని ఇంకో కథ. అత్తయ్యగారికి రెండోదే నచ్చుతుంది, నా పందెం.

రవ్వదోశ
లోపల డ్రోన్ ఎగరేయకూడదు, నేషనల్ పార్కుల్లో నిషేధం. మావాడి డ్రోన్ బ్యాగులోనే ఉండిపోయింది, గాలిపటంతో సర్దుకున్నాడు. పాత ఊరి నీలం రాళ్ల రోడ్లు అందంగా ఉంటాయి గానీ వాన పడితే జారతాయి. అత్తయ్యగారికి చెప్పులు వద్దు, షూ వేయించండి.

లక్ష్మి_ఓర్లాండో
అత్తయ్య, మావయ్య విజిటర్ వీసా మీద వచ్చి ఉంటారు కదా. ప్యూర్టో రికో అమెరికాయే గానీ మీ ఓడ ఆగే మిగతా దీవులు కావు. వీసా మల్టిపుల్ ఎంట్రీనా, ఒక్కో దీవికి వాళ్లకి ఏం కావాలి, ఇప్పుడే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. పాస్‌పోర్ట్ లేకుండా తిరగొచ్చని ఎవరైనా అంటే అది అమెరికన్ పౌరుల మాట, వాళ్లకి వర్తించదు.

ట్యాంపా_మూర్తి
శైలు గారూ, ఇంకొక్కటి చూసుకోండి. ఓడ ఏ పీర్‌కి వస్తుందో ముందే కనుక్కోండి. పాత ఊరి పీర్లయితే నేను చెప్పినట్టే. పాన్ అమెరికన్ పీర్ అయితే అది నీళ్లకి అవతల ఇస్లా గ్రాందె వైపు, అక్కడి నుంచి టాక్సీ తప్పదు, ఆరుగురు కాబట్టి వ్యాన్ అడగండి. ఆ పదిహేను నిమిషాలు కూడా మీ రెండు గంటల్లోంచే పోతాయి.

తెనాలి_శైలు
పాత ఊరి పీరే అని చూపిస్తోంది, మళ్లీ వారం ముందు చూసుకుంటాను. వచ్చాక ఇక్కడే రాస్తాను, మావయ్య నోట్‌బుక్ ఫోటోలతో సహా.